శుభ్రమైన ‘స’

పిల్లల ఉచ్చారణ సరిదిద్దే ఆ క్లినిక్‌లో థెరపిస్టు మేడమ్‌వి పాము చెవులని పేరు. పిల్లల మాటను మామూలు అక్షరాల్లో కాక శబ్దాల గుర్తుల్లో రాసేది: నాలుక ఎక్కడ తగిలింది, గాలి ఎటు పోయింది, అన్నీ. “పిల్ల ఏం అనాలో కాదు, ఏం అందో అదే రాయాలి” అని జూనియర్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

‘స’ పలకడం బాగైపోయిందని తనే పంపేసిన పిల్లను తల్లి మళ్ళీ తీసుకొచ్చింది.

“బళ్ళో ఇంకా వెక్కిరిస్తున్నారు మేడమ్. పాఠం చదవమంటే ఏడుస్తోంది. బడి మానేస్తానంటోంది.”

మేడమ్‌కు ఒళ్ళు మండింది. తను బాగైందన్నాక కాదనడానికి ఈవిడెవరు? బొమ్మలు ముందుపెట్టి, రికార్డరు ఆన్ చేసి, పిల్లచేత పేర్లు చెప్పించింది. సబ్బు, సూది, బస్సు. తనూ జూనియరూ విడివిడిగా రాశారు. మేడమ్ కాగితంలో అన్నీ శుభ్రమైన ‘స’లే. జూనియర్ కాగితంలో ప్రతి ‘స’ మీదా గాలి బుగ్గల పక్కనుంచి జారిపోతోందన్న గుర్తు ఉంది.

“నీ చెవులకేమైందే?”

“రికార్డింగ్ ఒకసారి వినండి మేడమ్,” అంది జూనియర్ మెల్లగా.

పెట్టి విన్నారు. “అదిగో, అదే!” అంది తల్లి. మేడమ్‌కు మాత్రం ‘అబ్బు’, ‘ఊది’ అని వినిపించాయి. ‘స’ మంచిదీ లేదు, చెడ్డదీ లేదు. సౌండు పెంచింది. అయినా లేదు. తన చెవులకు ‘స’ వినపడడమే మానేసింది; ఇన్నాళ్ళూ పెదాలు చూసి, బొమ్మలు చూసి విన్నాననుకుంది. ఎందరిని ఇలా బాగైందని పంపేసిందో!

జూనియర్ తల దించుకుంది. దానికి తెలిసిపోయింది. కానీ ఉన్నమాట ఒప్పుకుంటే రేపు ఈ కుర్చీలో ఎవరు కూర్చోనిస్తారు?

“మీరు ఇంట్లో సాధన చేయించలేదు,” అంది మేడమ్ తల్లితో. “మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారు.”

తల్లి మొహం మాడిపోయింది. “రోజూ చేయించాను మేడమ్...” అంటూనే పిల్ల నెత్తిన ఒక్కటి మొట్టింది. “అంతా నీవల్లే! సరిగ్గా అనవే అని ఎంత మొత్తుకున్నాను!”

పిల్ల ఏడవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మేడమ్‌ను గుసగుసగా ఏదో అడిగింది. పెదాలు కనబడక మేడమ్‌కు ఏమీ తెలియలేదు. మళ్ళీ చెప్పమనడానికి నోరు రాలేదు.

“అవునమ్మా,” అంది నవ్వుతూ.

పిల్ల కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. గబగబా బయటికి పరుగెత్తింది. తల్లి వెనకే పోయింది.

“ఏమందే అది?”

“ఇక నాకు ఎప్పటికీ మాటలు సరిగ్గా రావా అని అడిగింది మేడమ్,” అంది జూనియర్.