ప్రేమ్‌నాథ్ తెరిచిన ఫోల్డరు

రెండో అంతస్తు మలుపులో ఆగి ప్రేమ్‌నాథ్ సంచిని ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చుకున్నాడు. ఇంకో అంతస్తు ఉంది. మైలాపూరులో ఈ పాత అపార్టుమెంట్లకి లిఫ్టు ఉండదు. పొద్దున మాధవరంలో ఒక ప్రింటరు, మధ్యాహ్నం ఇంకోచోట దుమ్ము పట్టి మొరాయించిన కంప్యూటరు, ఇది మూడోది. ఈమధ్య మోకాళ్ళ కంటే ఊపిరే ముందు అలిసిపోతోంది. మెడ తుడుచుకుని, కమ్మీ పట్టుకుని మళ్ళీ ఎక్కాడు.

తలుపు తీసినామెకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పేరు శ్రీప్రియ, బళ్ళో తెలుగు టీచరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాండి సార్. ఈడే ఉండాది," అంటూ కంప్యూటరు ముందు కుర్చీ లాగింది. "పోయిన వారం శాన నిదానమైపోయిందని అంగట్లో ఇచ్చినా. విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చినారు. అప్పట్నించీ ఈ ఫోల్డరు తీస్తే పర్మిషన్ లేదంటాది. లోపలుండేది నా గొంతు సార్. నేను చదివింది. నాకే పర్మిషన్ లేదంట!"

చూపులేని పిల్లల హాస్టలు కోసం ఆమె పదో తరగతి పాఠాలు చదివి రికార్డు చేస్తోంది. ఎనిమిది నెలలుగా, బడి నుంచి వచ్చాక, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలో కూర్చుని నలభై ఒక్క పాఠాలు చదివింది. రేపు పొద్దున అందజేయాలి. అంగడివాళ్ళు, ఇక ఏం చేయలేం, మొత్తం చెరిపేసి మొదలుపెట్టుకోమన్నారు.

"ఇంకో కాపీ ఏమన్నా ఉండాదామ్మా?"

"లేదు సార్. తప్పు నాదే."

ప్రేమ్‌నాథ్ కుర్చీలో కూర్చుని మౌసు అందుకున్నాడు. కాపీ ఉంచుకోలేదని అతను ఎవరినీ తిట్టి ఎరగడు. చింతాద్రిపేటలో నాన్న పక్కన కూర్చుని టైపు మిషన్లు బాగు చేసే రోజుల్లోనే, వస్తువు చెడినవాడికి అప్పటికే సగం ప్రాణం పోయి ఉంటుందని తెలుసుకున్నాడు. టైపు మిషన్లు పోయాక, ముప్ఫై రెండో ఏట, సగం అర్థమయ్యే ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని కంప్యూటరు నేర్చుకున్నాడు. పనిచేసిన అంగడి మూతపడ్డాక ఇళ్ళకి తిరగడం మొదలైంది. ఇప్పుడు యాభై ఎనిమిది. రోజూ తనది కాని కుర్చీలో కూర్చుంటాడు. పెళ్ళి ఫోటోలు, స్కాన్ రిపోర్టులు, కోర్టు కాగితాలు అతని కళ్ళ ముందు తెరుచుకుంటాయి. తెరిచాక చూడకుండా ఉండటమే ఆ పనిలో సగం.

ముందు ఆ ఫోల్డరు పేరు రంగు చూశాడు. ఆకుపచ్చగా ఉంటే ఫైళ్ళకి తాళం పడినట్టు. పాత విండోస్‌తోపాటు తాళంచెవీ పోయినట్టే. నల్లగానే ఉంది.

"బతికే ఉండాయమ్మా," అన్నాడు.

శ్రీప్రియ మంచం అంచున కూలబడింది. "మరి నన్నెందుకు రానీదు సార్?"

"దీనికి మనిషి తెలవదు. మనిషికొక నంబరు పెట్టుకుంటాది. మళ్ళీ ఎక్కించినప్పుడు మీకు కొత్త నంబరొచ్చింది. పేరు అదే అయినా మీరు వేరే మనిషనుకుంటా ఉండాది."

ఫోల్డరు యజమాని పేరు మార్చి, లోపలున్న వాటన్నిటికీ ఇదే వర్తించేలా టిక్కు పెట్టి నొక్కాడు. పాఠాల పేర్లు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. నడుమలో ఆగిపోయాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆగాయి. ఒక్కొక్క పాఠం విడిగా తెరిచి చూస్తూ పోయాడు. ముప్ఫై ఎనిమిది తెరుచుకున్నాయి. మూడు మొండికేశాయి.

కళ్ళు మండుతున్నాయి. అద్దాలు తీసి, కనురెప్పలు నొక్కుకుని, ఆ మూడింటి అనుమతుల పట్టీ పై నుంచి కింద దాకా చదివాడు. అంగట్లో ఎవరో బాగు చేయబోయి, అందరికీ నిరాకరణ అనే గడిలో టిక్కు పెట్టారు.

"పది చోట్ల ఇయ్యమని రాసినా, ఈడ ఒక్క చోట వద్దని ఉంటే వద్దుదే గెలుపు," అంటూ మూడుసార్లు ఆ టిక్కు తీశాడు.

ఫోను మోగింది. భార్య జెబ.

"యాడుండావు? మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాలే. ఆరుకంతా వచ్చేస్తా."

మాత్ర చొక్కా జేబులోనే ఉంది. ఈ మూడూ అయ్యాక వేసుకుందామనుకున్నాడు.

చివరి పాఠం తెరుచుకుంది. మామూలుగా అతను రెండు క్షణాలు విని, శబ్దం వస్తోందని చూసుకుని ఆపేస్తాడు. ఇవాళ చెయ్యి కదల్లేదు.

"పిల్లలూ, ఈ పేజీలో ఒక బొమ్మ ఉంది," అంటోంది శ్రీప్రియ గొంతు. "పుస్తకంలో బొమ్మ గురించి ఏమీ రాయలేదు, నేను చెప్తాను. నది మీద ఒక పడవ. పడవలో ఒకాయన నిలబడి ఉన్నాడు. గెడ నీళ్ళలో ఆనించి, దాని మీద చేతులు పెట్టుకున్నాడు. బాగా అలిసిపోయినట్టున్నాడు. కానీ అవతలి ఒడ్డు దగ్గర్లోనే ఉంది."

ప్రేమ్‌నాథ్ కళ్ళు మూసుకుని పాఠమంతా విన్నాడు. తెరిచి చూసేసరికి శ్రీప్రియ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆ బొమ్మ నాకు కనిపించిందమ్మా," అన్నాడు.

ఆమె మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఈలోపు అతను పాఠాలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఇంకేదో కాసేపు రాసుకుంటూ కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు.

"శాన శ్రమ ఇచ్చేసినాం సార్."

"కూర్చుని చేసే పనేగా. మెట్లే కష్టం," అని నవ్వి, కమ్మీ పట్టుకుని దిగాడు.

స్టేషన్లో మళ్ళీ మెట్లు. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని తల ఊచకి ఆనించాడు. మాత్ర గుర్తొచ్చింది, నీళ్ళు లేవు. ఇంటికెళ్ళి వేసుకోవచ్చు. సాయంకాలపు ఎండ మోకాళ్ళ మీద పడుతూ, భవనాలు అడ్డొచ్చినప్పుడల్లా పోతూ ఉంది. చింతాద్రిపేట వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. ఎదుటి సీటులో పూలమ్మే ఆవిడ, పాపం, నిద్రపోతున్నాడనుకుంది. చివరి స్టేషన్లో బండి ఖాళీ అయ్యాక ఆమే వెనక్కి వచ్చి భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు. చేతిలో బుట్ట కింద పెట్టి, రైల్వే మనిషిని పిలిచింది.

మర్నాడు మధ్యాహ్నం, పెన్‌డ్రైవు హాస్టల్లో ఇచ్చి వచ్చాక, ఆ మాట చెబుదామని శ్రీప్రియ ఫోను చేసింది. జెబ ఎత్తింది. ఎవరో కనుక్కుని, జరిగింది చెప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది:

"మీ ఇంట్లో పని అయిపోయిందామ్మా? నడుమలో ఏమన్నా వదిలేసినాడా?"

"లేదక్కా. అంతా అయిపోయింది. నలభై ఒకటీ వస్తా ఉండాయి," అంది శ్రీప్రియ.

ఫోను పెట్టేసి ఆమె కీబోర్డు పక్కకి జరిపింది. కింద నాలుగు మడతల కాగితం ఉంది. మళ్ళీ పర్మిషన్ లేదంటే ఏం నొక్కాలో, దేని తర్వాత ఏది నొక్కాలో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో వరసగా రాసి ఉంది. అన్నిటికీ కింద అతని ఫోను నంబరు, దాని పక్కన, "అర్థం కాకుంటే పిలవండి, వస్తాను."