ఎవరిదో తెలియని బరువు

పొద్దున్నే టైలరు ఇంట్లో పంపకాలు మొదలవుతాయి. ఆస్తుల పంపకాలు కాదు, అంత అదృష్టం ఎక్కడిది? రోగాల పంపకాలు. చెయ్యి పట్టుకుని "ఇటివ్వు" అంటే చాలు, ఒకరి ఒంట్లోది ఇంకొకరి ఒంట్లోకి వచ్చేస్తుంది. ఆ వీధిలో అందరూ చేసేదే. కాకపోతే మిగతావాళ్లు ఎప్పుడో అవసరానికి చేస్తారు. ఈ ఇంట్లో ఆ చలికాలమంతా అదే పనైపోయింది.

భార్య బేకరీ కౌంటరు దగ్గర నవ్వుతూ నిలబడాలి కాబట్టి ఆమె తలనొప్పి టైలరు తీసుకునేవాడు. పెద్దకూతురికి పరీక్ష ఉంటే దాని జ్వరం నాయనమ్మకి. నాయనమ్మ మెట్లు దిగి పాలు తేవాలంటే ఆవిడ మోకాళ్ల నొప్పి ఇతనికి. దగ్గితే బడినుంచి వెనక్కి పంపేస్తారని చిన్నకూతురు చిట్టి దగ్గు కూడా ఇతనికే. మోకాలు రుద్దుకుంటూ, దగ్గుతూ, ఒక కన్ను మూసుకుని మిషను తొక్కేవాడు పాపం. సాయంత్రానికి ఎవరివి వాళ్లకి తిరిగిచ్చెయ్యాలి. సొంతదారు ఒంట్లో ఉంటేనే మందు పనిచేస్తుంది మరి.

ఇంత గజిబిజిలో ఎవరి బుర్రయినా తిన్నగా ఉంటుందా? ఒకరోజు యూనిఫాం చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టి పంపాడు. అదంటే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. అసలు తప్పు ఆ తర్వాత బయటపడింది.

చిట్టి బడికి బయల్దేరి మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నారంది. పెదాలు పాలిపోయాయి. టైలరు దాన్ని ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

ఆవిడ గొట్టం పెట్టి వింది. "ఇది ఈ పిల్లది కాదు. ఎవరో పెద్దవాళ్ల గుండె జబ్బు. ముందు తీసెయ్యి," అంది.

అతను వెంటనే "ఇటివ్వు" అన్నాడు. చిట్టి లేచి బల్ల మీది స్టాంపుతో ఆడుకోవడం మొదలుపెట్టింది. ముందురోజు రాత్రి పడుకునేముందు దగ్గు తిరిగిచ్చేటప్పుడు హడావిడిలో దాంతోపాటు ఈ బరువు కూడా వెళ్లిపోయిందన్నమాట. కానీ తన దగ్గరికి ఎవరి నుంచి వచ్చినట్టు? డాక్టరమ్మ అడిగితే ఇంట్లోవాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పాడు. ఎవరిదైనా సరే, సాయంత్రంలోగా ఆ మనిషిని తీసుకురమ్మని, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని ఆవిడ చెప్పింది. ఇంట్లో ఎవరు పోతారో తెలియని భయం మామూలు భయం కాదు.

తిన్నగా బేకరీకి వెళ్లి భార్య చేతిలో చెయ్యి పెట్టాడు. తీసుకోగానే ఆమె కౌంటరు మీద వాలిపోయింది. నాదైతే ఇంత కొత్తగా ఉండదు, తీసెయ్యి అని గిలగిల్లాడింది. ఇంటికొచ్చి తల్లిని అడిగాడు. ఈ వయసులో నాది కాక ఎవరిదవుతుందిరా అంటూ ఆవిడ చెయ్యి చాచింది. తీసుకున్నాక మాట పెగల్లేదు. అయినా నాదే, నాదే అని తలాడించింది. కొడుకుని ఈ తిప్పలనుంచి తప్పించాలని ఆవిడ ఆరాటం. అతను బలవంతంగా వెనక్కి లాక్కుని తల పట్టుకుని కూర్చున్నాడు. ఇక మిగిలిందెవరు? ఎంత లెక్కేసినా తెగలేదు.

అంతలో భార్య సెలవు పెట్టి వచ్చేసింది. పెద్దకూతురు తండ్రినే చూస్తూ నిలబడింది.

"నాన్నా, అది నీ దగ్గరుంటే నీకు నొప్పి పుట్టట్లేదా?"

"లేదే. ఎప్పుడూ ఉండేట్టే ఉంది," అన్నాడు.

అన్న మాట అతనికి కూడా కాసేపటికిగానీ ఎక్కలేదు. అప్పటికే భార్య చెప్పులేసుకుని, అతని జబ్బ పట్టుకుని లేపింది.

డాక్టరమ్మ పెద్దాసుపత్రికి పంపింది. ఎప్పట్నుంచి ఉందని అక్కడ అడిగారు. చిట్టి దగ్గు ఎప్పుడు మొదలైందో, అమ్మ మోకాలు ఏ వర్షానికి పట్టేసిందో అన్నీ చెప్పగల మనిషి, దీనికి జవాబు తెలియక భార్య వైపు చూశాడు. ఆమెకీ తెలియదు. ఒక్కసారైనా అడగలేదని ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. వేళకే తీసుకొచ్చారని డాక్టర్లు చెప్పాక కూడా ఆ ఏడుపు ఆగలేదు.

మంచం మీద పడుకోబెట్టి సెలైను పెట్టారు. ఆమె పక్కన కూర్చుని చెయ్యి చాచింది. "కాసేపు నాకివ్వు. నువ్వు పడుకో."

అలవాటుకొద్దీ అతని చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది.

"వద్దు. మందు ఎక్కుతోంది కదా, ఇది నా దగ్గరే ఉండాలి," అన్నాడు. మళ్లీ కంగారుగా, "మరి రేపు పొద్దున నీ తలనొప్పో?" అన్నాడు.

"నాది నేనే ఉంచుకుంటాను," అందామె. "నీది నువ్వు ఉంచుకో."