రసీదు లేని కాగితాలు

ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. మొగలిపువ్వుకి ఆ ఎండే శత్రువు. పొద్దెక్కితే వాసన పోతుంది, వాసన పోతే అత్తరు కాచే బట్టీవాడు మొహం చిట్లిస్తాడు. చిన్నమ్మీ, కూతురు సరళా తెల్లవారకముందే ముళ్లలో దూరి కోసుకొచ్చిన నలభై పువ్వుల్లో బట్టీ గుమాస్తా ఆరింటిని అవతలికి విసిరేశాడు. పువ్వుకి తొమ్మిది రూపాయలు. వచ్చిన మూడు వందల ఆరు రూపాయలూ కొంగున ముడేసుకుని, చిన్నమ్మి ఆ విసిరేసిన పువ్వుల్ని ఏరి సంచిలో వేసుకుంది. సరళ ముళ్లు గీరిన చేతుల్తో ఫోనులో టైము చూస్తోంది. సాయంత్రం నాలుగులోపు బరంపురం సర్కారు కాలేజీలో అసలు సర్టిఫికెట్లు ఇవ్వకపోతే, బీఎస్సీ కంప్యూటర్ సైన్సులో తనకొచ్చిన సీటు మరొకరికి పోతుంది. ఆ సర్టిఫికెట్లేమో ఇంట్లో లేవు. వైకుంఠరావు మాస్టారి బీరువాలో ఉన్నాయి.

ఆ ఊళ్లో ఎవరి కాగితాలూ ఎవరింట్లోనూ ఉండవు. పన్నెండేళ్ల కిందట పెద్ద తుఫానుకి రేకులెగిరిపోయి, పట్టాలూ పాస్ పుస్తకాలూ నానిపోయాయి. అప్పుడు డాబా ఉన్న ఈ రిటైర్డు హెడ్మాస్టరు తన ఇనప బీరువా తెరిచి, ఇక్కడ పెట్టుకోండర్రా అన్నాడు. అప్పట్లో అది మంచితనమే, కాదనడానికి లేదు. ఎవరూ రసీదు అడగలేదు. చదువు చెప్పిన పెద్దమనిషిని రసీదు అడగడం ఏం మర్యాద? అలా మర్యాదకి పోయి ఊరంతా తన జుట్టు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

రెండేళ్లుగా మాస్టారు భువనేశ్వర్ దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లల్ని చేర్పిస్తున్నాడు. తలకింతని ఆయనకి ముడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బీటెక్ తప్ప వేరే దారే లేదని ఆయన చెప్పాడు. సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసే సరళ తండ్రి మసేను కూడా, బాబుగారు చెప్పినట్టే చెయ్యమని ఫోనులో చెప్పేశాడు.

సరళ వినలేదు. పెద్దమ్మ కొడుకు దిలీప్ ఆ కాలేజీలోనే నాలుగేళ్లు చదివి, ఇప్పుడు బరంపురం గేట్ బజార్లో ఫోన్లు బాగుచేస్తున్నాడు. అక్కడ ల్యాబు తాళం నెలకి రెండుసార్లు తీసేవారనీ, ప్రోగ్రామింగు చెప్పాల్సిన సారు రెండో ఏడే వెళ్లిపోయాడనీ అతనే చెప్పాడు. సెలవుల్లో అతని కొట్లో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరి ఫోను ఏ రోజు తిరిగివ్వాలో చూపించే చిన్న ప్రోగ్రాం రాసింది సరళ. ఇప్పటికీ కొట్టు దాంతోనే నడుస్తోంది. బీఎస్సీ చదివి, ఎంట్రన్సు రాసి, ఎంసీఏ చెయ్యాలని ఆమె పట్టుదల. సర్కారు కాలేజీలో ఫీజు ఏడాదికి మూడు వేల చిల్లర. ఈ మాట తల్లికి ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవిన వేసుకోలేదు. ఇప్పుడు చిన్నమ్మి వెంట వస్తున్నది కూడా, కూతురి చేత మాస్టారికి సరే అనిపించడానికే.

మాస్టారు పూజ ముగించి అరుగు మీదికి రావడానికి పన్నెండు దాటింది. తల్లీకూతుళ్లు అంతసేపూ మెట్ల కిందే నిలబడ్డారు. సర్టిఫికెట్లు అడిగితే ఆయన నవ్వాడు. బీఎస్సీ చదివినవాళ్లు ట్యూషన్లు చెప్పుకుని బతుకుతున్నారన్నాడు. సోమవారం తానే కాగితాలు పట్టుకెళ్లి సీటు ఖాయం చేస్తాననీ, ఒక్క సంతకం చాలనీ చెప్పి, అరుగు అంచున ఫైలు తెరిచి, కాగితాలు తిరగేస్తూ సరళకి పెన్ను అందించాడు.

“ఏటాలోచిస్తావే? నీ మంచికే కదా చెప్తున్నాను.”

పైన అప్లికేషను ఉంది. దాని కింద సరళ మార్కుల లిస్టు, చదివిన కాలేజీ ఇచ్చిన టీసీ. వాటికీ కింద, మూల మాడిన ఒక పాత కాగితం. చిన్నమ్మికి చదువు రాదు గానీ ఆ మాడిన మూల తెలుసు. తుఫాను మర్నాడు దాన్ని అట్లపెనం వేడిమీద ఆరబెట్టింది ఆమే. అది ఇంటి పట్టా.

“ఇదేటి బాబూ, పట్టా ఇందులో ఎందుకున్నాది?”

బ్యాంకు లోనుకన్నాడాయన తేలిగ్గా. ఏడాదికి లక్షా పదివేలు, నాలుగేళ్లు కట్టాలి, పట్టా పెట్టకుండా ఎవరిస్తారు? మసేనుకి తర్వాత చెబుదామనుకున్నాడట.

చిన్నమ్మికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ ఆ మెట్ల కింద నిలబడే మాట్లాడిన మనిషి, అరుగెక్కింది.

“మిమ్మల్నెవులు తియ్యమన్నారు?”

సరళ ఆ పెన్నుని తిరిగి మాస్టారి ముందు పెట్టేసింది.

“నాను సంతకం పెట్టను మాస్టారూ. బీటెక్ సెడ్డదని అనను. మీరు సూపించిన కాలేజీ నాకొద్దు. నా దారి నాను సూసుకున్నాను.”

ఆయన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లు కాపాడినందుకు మంచి బహుమానమే ఇచ్చారన్నాడు. తీసుకుపొమ్మన్నాడు. మళ్లీ తుఫానొస్తే ఈ బీరువా తలుపు మాత్రం మీకు తెరుచుకోదన్నాడు. చిన్నమ్మికి భయం వెయ్యలేదంటే అబద్ధం. ఆ ఇంటి రేకులు ఇప్పటికీ గాలికి కొట్టుకుంటూనే ఉన్నాయి. అయినా ఆమె తమ కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి, పువ్వుల సంచిలో పెట్టుకుంది.

“తడిస్తే ఆరబెట్టుకుంటాం బాబూ. ఒకపాలి ఆరబెట్టినాను కదా.”

ఆటో పట్టుకుని, బస్సు మారి కాలేజీ చేరేసరికి మూడూ నలభై. సరళ లైన్లో చివర నిలబడింది. చిన్నమ్మి పట్టాని కొంగులో చుట్టుకుని పక్కనే ఉంది. కిటికీ దగ్గర క్లర్కు ఒడియాలో ఒరిజినల్స్ అడిగాడు. సరళ తీసి బల్లమీద పెట్టింది. కాగితాల నిండా మొగలి వాసన. క్లర్కు వాటిని తనవైపు లాక్కోబోయాడు. అవి రాలేదు. ముళ్లు గీరిన అరచెయ్యి వాటిమీద ఆని ఉంది.

“రసీద్ దియంతు,” అంది సరళ. రసీదు ఇవ్వండి.

అతను వింతగా చూశాడు. వెనక వచ్చి చేరినవాళ్లు తొందరపెడుతున్నారు. గోడ గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంది. సరళ చెయ్యి తియ్యలేదు.