మేడమీది గది తలుపు

“ఇదిగో అమ్మాయ్, నీ సరుకొచ్చింది,” అంటూ అత్తగారు పిడి ఊడిపోయిన కుక్కరు గిన్నెని తెచ్చి, గిన్నెలు తోముకుంటున్న ఆమె పక్కన పెట్టి, మళ్ళీ టీవీ ముందుకి వెళ్ళిపోయింది. సబ్బు చేతులతోనే ఆమె ఆ గిన్నెని తిరగేసి చూసింది. అడుగు ఉబ్బింది గానీ నాలుగు చిల్లులు కొడితే పుదీనాకి సరిపోతుంది. ఏ వస్తువుని చూసినా దానికి సరిపోయే మొక్క తట్టడం ఆమెకి అలవాటైపోయింది. ‘నీ సరుకు’ అన్న మాట మాత్రం ఎన్నేళ్ళు విన్నా అలవాటు కావడం లేదు.

ఆ ఇంట్లో వస్తువులకి ఒక దారి ఉంది. కొత్తగా వచ్చినప్పుడు అది భర్తదో, అత్తగారిదో, కూతురిదో అవుతుంది. కాస్త పాతబడితే అందరిదీ. విరిగాక, కారాక, ఎవరికీ అక్కర్లేకపోయాక ఆమెది. అలా మేడమీదికి చేరిన సామానుతోనే ఆమె తోట లేచింది. పాత వాషింగ్ మెషీన్ డ్రమ్ములో టమాటా మొక్కలున్నాయి, దానికి పుట్టుకతోనే చిల్లులు కాబట్టి నీళ్ళు నిలవవు. ఫ్రిజ్ పోయినప్పుడు మిగిలిన కూరగాయల అరలో తోటకూర, చిరిగిన దోమతెర మీద చిక్కుడు తీగ, సగానికి కోయించిన నీళ్ళ ట్యాంకులో వంగ మొక్కలు. నీళ్ళు పోయడానికి ఒకసారి కింద స్నానాలగదిలోంచి కొత్త మగ్గు పట్టుకెళ్ళబోతే, “బాగున్న మగ్గు మొక్కలకెందుకు, ఆ పగిలింది ఉందిగా?” అంది అత్తగారు. అప్పట్నుంచీ పగిలిన మగ్గే. పోసినంతసేపూ నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతూ ఉంటాయి. ఆఫీసు చీర మీద కారితే అదో విసుగు. మగ్గు ఒక్కటి కొనుక్కోలేని మనిషా ఆమె? ఇన్సూరెన్సు ఆఫీసులో రోజంతా జనం పోగొట్టుకున్న వస్తువులకి విలువ కడుతుంది. ఇంటికొచ్చి మాత్రం ఒక మగ్గు విషయంలో నోరు మెదపదు. మెదిపితే మగ్గు కోసం కూడా గొడవేనా అంటారు. నిజమే, మగ్గు కోసం గొడవేంటని ఆమెకే అనిపించి ఊరుకుంటుంది. ఊరుకున్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

భర్త చెడ్డవాడేం కాదు. ఆ మాట అందరూ అంటారు, ఆమె కూడా అనుకుంటూ ఉంటుంది. తోట మొదట్లో ఆయనకి వేళాకోళం. ఇంటికెవరొచ్చినా, “మా ఇంట్లో పాతసామాన్ల శాఖ మా ఆవిడదండీ, ఓ రోజు నన్ను కూడా మేడెక్కించి మట్టి నింపేస్తుంది,” అని నవ్వించేవాడు. అందరూ నవ్వేవారు, ఆమె టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది. అలాంటివాడు ఒకరోజు టమాటాల ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టాడు. వాళ్ళ మేనేజరు మెచ్చుకున్నాడట. ఆ సాయంత్రానికల్లా ‘నీ చెత్త’ కాస్తా ‘మా తోట’ అయి కూర్చుంది.

పోనీ గౌరవం పెరిగిందా అంటే పెరిగింది పనే. ఆడపడుచుకి వారానికోసారి సంచెడు కూరలు వెళ్ళాలి. మేనేజరుగారికి మొలకలు కావాలి, అవి కూడా పాత డబ్బాల్లోనే కావాలి, అదే కదా అందం అన్నాడు భర్త. “ఈ వారం వంకాయలు తగ్గాయేం?” అని అత్తగారు అడిగే తీరు చూస్తే, నెలజీతం తీసుకుంటూ పని ఎగ్గొట్టిన మనిషిని అడిగినట్టుండేది. ఆఫీసులోనూ అదే వరస. ఆమెకి మొక్కలు తెలుసని ఎవరో చెప్పినట్టున్నారు, పై అధికారి పిలిచి, “మెట్ల దగ్గర కుండీలు ఎండిపోతున్నాయి మేడం, మీ చెయ్యి మంచిదటగా, కాస్త చూస్తూ ఉండండి,” అన్నాడు. పక్క సీటతనికి క్రికెట్ బాగా తెలుసు. అతన్ని మాత్రం ఎవరూ ఏదీ చూస్తూ ఉండమనలేదు. మధ్యాహ్నం డబ్బా తెరవబోయే వేళకి ఆమె సీసాలో నీళ్ళు పట్టుకుని మెట్లు దిగేది. ఇష్టపడి చేసిన పని ఏదైనా సరే, ఎవరో ఒకరి కంట పడితే చాలు, మర్నాటికి అది ఆమె బాధ్యత అయిపోతుంది. ఒకప్పుడు వంటా అలాగే ఇష్టంగా ఉండేది.

ఎవరి కంటా పడనిది ఒక్కటే మిగిలింది. మేడమీద మెట్లు ముగిసేచోట చిన్న గది. పాత పరుపులూ, పెయింటు డబ్బాలూ పడేసే గది. ఇల్లు కట్టినప్పుడు లోపలి తలుపులన్నీ ఒకేసారి చేయించారు కాబట్టి, ఆ గదికీ మిగతా గదుల్లాంటి మంచి తలుపే, లోపలివైపు మంచి గడియే దక్కాయి. మొక్కలకి నీళ్ళు పోయడం అయ్యాక ఆమె ఆ గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, బోర్లించిన డబ్బా మీద కూర్చునేది. ఏం చేసేదంటే ఏమీ చేసేది కాదు. చదివేది కాదు, ఏడ్చేది కాదు, ఫోను కూడా చూసేది కాదు. కాళ్ళు చాపుకుని గోడని చూస్తూ కూర్చునేది. కింద నుంచి “ఎక్కడున్నావోయ్?” అని కేక వస్తే, మొదటి కేకకి పలికేది కాదు. రెండో కేకకి “వస్తున్నా” అనేది. ఆ మొదటి కేకని అలా వదిలెయ్యడంలో ఉన్న సుఖం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఆ ఇంట్లో ఇంకే తలుపూ ఆమెకి మూసుకునేది కాదు. వంటింటికి తలుపే లేదు. పడగ్గది తలుపు పగలు మూస్తే, “ఒంట్లో బాగాలేదా?” అని అత్తగారు నెట్టుకొస్తుంది. కూతురు నానమ్మతో పడుకునే గదిలో ఇద్దరి బట్టలూ మడత పెట్టడానికి తప్ప ఆమెకి చోటు లేదు. స్నానాలగదిలో ఉన్నా సరే, తలుపు బయట నిలబడి “గ్యాసు కట్టేశావా?” అంటారు, “నా యూనిఫాం ఏదమ్మా?” అంటారు. ముందు గది భర్తది, దానికి ‘ఆఫీసు గది’ అని పేరు. ఆ తలుపు మూసుందంటే ఇల్లంతా గొంతు తగ్గించుకోవాలి. ఆయన లోపల ఫోనులో పనిచేస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో ఎవరూ అడగరు. ఆమె మాత్రం టీ కప్పుతో మోచేత్తో ఆ తలుపు నెట్టుకుని వెళ్ళి, బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా మళ్ళీ దగ్గరగా వేసి వచ్చేది.

ఒక శనివారం ఆమె ఆఫీసు నుంచి వచ్చేసరికి భర్త గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. మర్నాడు మేనేజరుగారు భార్యతో కలిసి తోట చూడటానికి వస్తున్నారు. “పైకి రా, నీకో విషయం చూపిస్తా,” అని బ్యాగు కూడా దించనివ్వకుండా మెట్లెక్కించాడు. పైన చిక్కుడు తీగ ముందు రెండు కొత్త బల్లలున్నాయి, ఇటుకల మీద పేర్చి. ఒకటి కూర్చోవడానికి, రెండోదానికి గుండ్రంగా రంధ్రాలు కోసి వాటిలో డబ్బాలు దింపారు. వడ్రంగి మూలన కూర్చుని రంపప్పొట్టు ఊడుస్తున్నాడు.

“కొత్త చెక్క ముక్క కూడా కొనలేదు తెలుసా? అచ్చం నీ పద్ధతే. ఎలా ఉంది?” అన్నాడు భర్త.

బాగానే ఉంది. ఆమె మాత్రం బల్ల అంచున ఉన్న గడియ దగ్గరే ఆగిపోయింది. మెల్లిగా తల తిప్పి గది వైపు చూసింది. గుమ్మం బోసిగా ఉంది. లోపల ఆమె బోర్లించుకున్న డబ్బా, పరుపులు, అన్నీ ఎండలో పడి కనిపిస్తున్నాయి.

“ఆ తలుపా?” అంది.

“మరి? అక్కడేముంది కాపలా కాయడానికి, పాత పరుపులేగా,” అన్నాడాయన. “ఏం, బాగోలేదా?”

బాగుందంది. ఇంకేమంటుంది? అది నేను వాడుకునే తలుపు అంటే, దేనికి అంటారు. మూసుకోవడానికి అంటే, మూసుకుని ఏం చేస్తావు అంటారు. ఏమీ చెయ్యను అంటే, ఏమీ చెయ్యనిదానికి తలుపెందుకు అంటారు. ఒక్కొక్క మాటా ఆమెకి ముందే వినిపించింది, పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళ సమాధానాలు వాళ్ళకంటే ముందు ఆమెకే వచ్చేస్తాయి. పైగా ఆయన ఎంత సంబరంగా నిలబడి ఉన్నాడంటే, కోపగించుకుంటే ఆమే గయ్యాళిలా కనిపిస్తుంది. మనసులో మాత్రం ఆ రెండు బల్లల్నీ ఎత్తి వీధిలోకి విసిరెయ్యాలన్నంత కోపం వచ్చింది. కోపాన్ని మింగి, కిందికి దిగి, మర్నాటికి పప్పులు నానబోసింది.

మర్నాడు మేనేజరు దంపతులు వచ్చారు. భర్త డ్రమ్ము దగ్గర్నుంచి కుక్కరు గిన్నె దాకా ఒక్కొక్కటీ చూపిస్తూ, “మా ఇంట్లో ఏదీ పారెయ్యం సార్, ఆలోచన నాది, అమలు తనది,” అన్నాడు. ఆమె ట్రే పట్టుకుని నిలబడింది. మేనేజరు భార్య బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ గది వైపు చూసి, “అదేం, ఆ గదికి తలుపు లేదు?” అంది.

“మీరు కూర్చున్నదే మేడం,” అన్నాడు భర్త. అందరూ నవ్వారు.

ఆవిడ కాస్త నవ్వి, ఆమె వైపు తిరిగింది. “మరి గది మీరు వాడుకోరా?”

“ఆ గదితో తనకేం పని మేడం,” అని భర్త అంటూండగానే, “వాడుకునేదాన్నండీ, గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని,” అనేసింది ఆమె.

భర్తే తేరుకుని నవ్వుతూ, “మాకు తెలీకుండా ఏం చేసేదానివోయ్ అక్కడ?” అన్నాడు.

“ఏమీ చేసేదాన్ని కాదు.”

మేనేజరుగారు వంకాయల గురించి ఏదో అడిగాడు. మాట అటు వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు వేడెక్కింది. “నలుగురిలో అదేం మాట? మేమేదో నిన్ను రాచి రంపాన పెడుతున్నట్టు?” అన్నాడు భర్త. “గడియ పెట్టుకునేంత అవసరం ఏమొచ్చిందమ్మా, ఇంట్లో పరాయివాళ్ళెవరున్నారు?” అంది అత్తగారు. ఆమె రెండింటికీ జవాబు చెప్పకుండా, “నాకు ఆ గదికి తలుపు కావాలండీ,” అంది. భర్త “సరే, చూద్దాంలే,” అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే ఇంక చూడరని అర్థం. అది ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు కాబోలు, ఓ మాట కలిపాడు. “ఎవరైనా ఇల్లు పడగొడుతుంటే పాత తలుపు దొరక్కపోదు. నువ్వే కదా కొత్తవి దండగంటావు.”

అలా ఆమె ఎప్పుడూ అనలేదు. ఆమెకెవరూ కొత్తవి ఇవ్వలేదంతే. ఇవ్వకపోవడం కాస్తా ఏళ్ళు గడిచేసరికి ఆమె సిద్ధాంతం అయిపోయిందన్నమాట.

తర్వాత కొన్నాళ్ళు తలుపు లేని గదిలోనే కూర్చుని చూసింది. డబ్బా మీద కూర్చోగానే అత్తగారు కొత్తిమీర కోసం పైకొచ్చి, గుమ్మంలో నిలబడి మోకాళ్ళ నొప్పి గురించి చెప్పేది. కూతురు తెగిన గుండీ పట్టుకుని వచ్చేది. భర్త మెట్ల మీంచే తొంగిచూసి, “ఖాళీగానే ఉన్నావుగా, నా చొక్కా ఇస్త్రీ చెయ్యి,” అనేవాడు. తలుపుంటే పని ఉన్న మనిషి, లేకపోతే ఖాళీ మనిషి. మొదటి కేకకే పలకాల్సి వచ్చింది, ఎదురుగా కనిపిస్తూ పలక్కపోతే ఎలా? ఒక సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోయడం మధ్యలో ఆపేసి, మగ్గు అక్కడే వదిలేసి కిందికొచ్చేసింది. తోటలోకి వెళ్ళాలనిపించకపోవడం ఆమెకి అదే మొదటిసారి. అది చూసుకుని ఆమెకే భయం వేసింది.

బుధవారం ఆఫీసుకి సగం పూట సెలవు పెట్టి, ఆ వడ్రంగినే పిలిపించింది. అతను పైన కోసిన ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. “మధ్యకి కోసేశాం కదమ్మా, పైగా రంధ్రాలు. అతికించినా నిలవదు. సార్ అడిగుంటే అప్పుడే చెప్పేవాణ్ణి, ఎవరూ వాడటం లేదన్నారు.”

“ఆ ముక్కలు అలాగే ఉండనివ్వండి. గుమ్మం కొలత తీసుకోండి,” అంది. అతను కొలిచాక అతన్ని కిందికి తీసుకొచ్చి, ముందు గది దగ్గర ఆగింది. “ఇప్పుడు దీన్ని కొలవండి.”

వడ్రంగి టేపు పెట్టి చూశాడు. “ఒకటే కొలతమ్మా, సరిగ్గా సరిపోతుంది.” అని, ఏదో అనుమానం వచ్చి ఆమె వైపు చూశాడు. “సార్‌కి తెలుసా?”

“సాయంత్రం వస్తే తెలుస్తుంది.”

ఈ మాటలకి అత్తగారు టీవీ గొంతు తగ్గించి లేచి వచ్చింది. టేపునీ, పనిముట్ల సంచినీ, కోడల్నీ మార్చి మార్చి చూసింది. “అదేంటమ్మాయ్, అది వాడి గది తలుపు కదా. దానికేమైంది? నిక్షేపంగా ఉంటేనూ.”

ఆమె తలుపుని ఒకసారి తెరిచి, ఒకసారి మూసి చూసింది. ఎక్కడా పట్టెయ్యలేదు, కిర్రుమనలేదు. గడియ నున్నగా జారింది.

“నిక్షేపంగా ఉందనే, అత్తయ్యా,” అని, వడ్రంగి వైపు తిరిగి, “విప్పండి,” అంది.