సెహ్రా లోపలి మెత్త

ప్రేమ్‌రాజ్ ఫోన్‌ల మర్ఫా డప్పుల చప్పుడు పెట్టంగనే సితార వణుకుతది. కట్టె ఇంకా లేవనే లేవదు, ముందే వణుకుతది. ఎందుకు వణకదు? చప్పుడుకొక దెబ్బ. ఒక చప్పుడుకు ముందటి ఎడమ కాలు మీద, ఇంకో చప్పుడుకు కుడి కాలు మీద. దెబ్బ తప్పించుకుందామని గుర్రం కాలెత్తుతది. చూసెటోళ్ళేమో, అబ్బా, ఎంత మంచిగ ఆడుతున్నదో అంటరు. పెండ్లి బరాతులల్ల మీరూ నేనూ చూసి చప్పట్లు కొట్టే ఆట గిదే. సిగ్గులేనోళ్ళం.

శాలిబండల ఆ గుర్రాల తబేలా బసవయ్యది. నలభై ఏండ్లు ఊళ్ళె పెండ్లికొడుకులను మోసినయి ఆయన గుర్రాలు. ఆయన పోయి రెండేండ్లయింది. ఇప్పుడు మిగిలింది సితార అనే తెల్లగుర్రం ఒక్కటి, కొడుకు ప్రేమ్‌రాజ్, బిడ్డ స్వరూప. మొగుడు పోయినంక స్వరూప పుట్టింటికే వచ్చి, తబేలా పక్క అర్రల మగ్గం ఏసుకున్నది. చంకీలు గానీ జరీ గానీ, ఆమె కుట్టిందంటే చూసినోళ్ళు కన్ను తిప్పరు. గుర్రం సింగారమంతా ఆమె చేతి పనే. మొఖం మీద వేలాడే సెహ్రా, వీపు మీంచి కిందికి జారే జరీబట్ట జూలు, కాళ్ళకు గజ్జెల పట్టీలు. ఆమె చేతుల సెహ్రా కనపడితే చాలు, సితార తనంతట తనే తల వంచుతది, కట్టమని. ఎవ్వరూ నేర్పలే. పిల్లప్పటి అలవాటు.

మూడు నెలల కింద ప్రేమ్‌రాజ్ ముళ్ళ కళ్ళెం తెచ్చిండు. తెచ్చిన వారానికే గుర్రం నోటి మూలలు చీలినయి.

"ఇదేందన్నా గిట్ల? నెత్తురు కారుతున్నది" అన్నది స్వరూప.

"నీ సూది నువ్వు పట్టుకో. నా కళ్ళెం నేను పట్టుకుంట" అన్నడు.

ఆమె ఏం చేసింది? సెహ్రాను రెండు వేళ్ళంత వెడల్పు చేసింది. లోపలికెల్లి, పుండు మీద చంకీలు గీసుకోకుండ, దూదివెట్టి మెత్తలు కుట్టింది. తొడల మీద వాతలు తేలితే జూలును జానెడు దించింది. కాళ్ళ మీద తోలు లేస్తే గజ్జెల పట్టీలకు మెత్త ఏసింది. పెండ్లోళ్ళకు కనపడొద్దని కాదు, పాపం దానికి మెత్తగుంటదనే కుట్టింది. అట్లనే అనుకున్నది ఆమె, నమ్మున్రి.

ఆ శుక్రవారం పొద్దున ప్రేమ్‌రాజ్‌కు దయ్యం పట్టినట్టయింది. ఆదివారం బహదూర్‌పురా అవతల మైదానంల గుర్రాల పోటీ ఉన్నది. గుర్రాలాడే నాచ్ పోటీల కప్పు కొట్టాలె, ఇగ ప్రతి పెద్దింటి బరాతుకు సితారనే పిలవాలె, అదీ వాని పిచ్చి. గుర్రం ఎడమ కాలు బాగ వాచింది, లేస్తలేదు. లేవకపోతే కొట్టుడు. కొడితే పడుడు. మోకాళ్ళ మీద పడ్డదాన్ని కళ్ళెం పట్టి గుంజి లేపిండు, నోట్లెకెల్లి నెత్తురు నురుగు నేల మీద పడ్డది.

స్వరూప ఉరికొచ్చి కట్టె పట్టుకున్నది. "చాలన్నా! ఆ కాలు పోతది. కాలు పోయినంక దాన్ని మేపుతవా నువ్వు? యాడనో వదిలేసొస్తవు!"

వాడు కట్టె గుంజుకొని ఆమె మణికట్టు మీద ఏసిండు. "కుట్టే చెయ్యి అన్నా, కుట్టే చెయ్యి" అని ఆమె అరుస్తుంటే, అదే జాగల ఇంకోటి ఏసిండు.

పగటీలి వాడే పోటీ కాయితం తెచ్చి ఆమె ముందర పడేసిండు, ఏం జరగనట్టు. కాయితం ఉర్దూల ఉన్నది. ప్రేమ్‌రాజ్‌కు ఉర్దూ మాట్లాడొస్తది, చదవ రాదు. స్వరూపకు చిన్నప్పుడు మగ్గం కార్ఖానాల పెద్దామెలు అక్షరాలు దిద్దిపిచ్చిన్రు.

"చదువు."

"మూడు పోటీలున్నయి. నాచ్, సింగార్, సాదా. ఒక గుర్రం రెండిట్ల నిలబడొచ్చు."

"నాచ్‌ల రాయి. ఇంకోటి... సింగార్ వద్దు, వెండి సామాన్లోళ్ళు దిగుతరు, మనం వాళ్ళ ముందట నిలవం. గీ సాదా ఏంది?"

సాదా అన్న మాట కింద చిన్న అక్షరాలతోటి రెండు లైన్లున్నయి. గుర్రానికి సామాను ఉండొద్దు, కళ్ళెం ఉండొద్దు. మెడల ఉత్త తాడు. ముందుగాల నోరు తెరిచి పండ్లు చూస్తరు, తర్వాత కాళ్ళు. స్వరూప కండ్లతోనే చదువుకున్నది. వాచిన మణికట్టు మీద నరం టకటక కొట్టుకున్నది.

"సాదా అంటే సాదానే" అన్నది.

ప్రేమ్‌రాజ్ పకపక నవ్విండు. "సాదా దోశ లెక్కనా? మామూలోళ్ళదన్నట్టు. కొత్తోళ్ళు వస్తరు, జీను గూడ సక్కగ లేనోళ్ళు. నీ సింగారమంత ఏసుకొని పోతే కప్పు సాఫ్‌గ కొట్టుకొస్తం. రాయి, రాయి!"

ఆమె అవునన్లే, కాదన్లే. ఎడమ చేత్తోటి రాసింది. వాడు సంతకం పెట్టిండు. నలుగుట్ల ఆ పుండ్లు బయటపడ్డయంటే ఇగ వాడు కట్టె ముట్టలేడు, అదొక్కటే ఆమె ఆశ. ఆశ కన్నా భయమే ఎక్కువుండె.

ఆదివారం మైదానం నిండ జనం. సితార మీద ఎండ పడి చంకీలు కండ్లల్ల కొడుతున్నయి. ముందుగాల సాదా పోటీ, దాని తర్వాత నాచ్. మైకుల చెప్పిన్రు, "సాదావాళ్ళు సామాన్ దించి రావాలె." ప్రేమ్‌రాజ్ విని గూడ పట్టించుకోలే, కాలరెగరేసుకుంట లోపలికి నడిపిచ్చిండు. లోపల అయిదు గుర్రాలు, అయిదూ ఉత్త ఒంటితోటి. అప్పుడు ఆగిండు.

గుర్రాలను చూసి తీర్పు చెప్పెటాయన సాలెం చావుష్, బార్కస్ బస్తీ ముసలాయన. డెబ్భై దాటినయి. వచ్చి, "సామాన్ దించు బేటా" అన్నడు.

"ఇది సింగారం గుర్రం చాచా. సింగారంతోనే చూడున్రి."

"సాదాల రాసినవ్ గదా? ముందు నోరు చూడాలె. కళ్ళెం తియ్యి."

ప్రేమ్‌రాజ్ తిరిగి చెల్లెను చూసిండు. వాని మొఖం నల్లబడ్డది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

కట్టె ఆమె చెంప మీద పడ్డది. పెదవి పగిలి పండ్ల మీదికి నెత్తురొచ్చింది. రెండో దెబ్బ భుజం మీద. గదే యాళ్ళకు, నాచ్ పోటీకోసం పక్కన నిలబడ్డ మర్ఫా వాళ్ళు చేతులు వేడి చేసుకుందామని డప్పు అందుకున్నరు. ఏం జరుగుతున్నదో వాళ్ళకు కనపడ్తలేదు.

డప్పు వినబడ్డది, కట్టె గాల్లె ఉన్నది. సితారకు ఇంకేం కావాలె? ఎడమ కాలెత్తింది, కుడి కాలెత్తింది. గజ్జెలు మోగినయి. వాచిన కాలు నేలకాన్చినప్పుడల్ల ఒళ్ళంత అదిరిపోతున్నది, అయినా ఎత్తుతున్నది. జనం ఈలలేసిన్రు. చప్పట్లు! ఒక ఆడమనిషి మొఖం పగిలి నిలబడ్డది, ఒక్కడు గూడ ఆమె దిక్కు చూడలే. థూ, ఏం మనుషులం.

"చూసిన్రా, నా గుర్రం ఎట్లాడుతదో!" అని ప్రేమ్‌రాజ్ కళ్ళెం గుంజిండు. సెహ్రా అంచు మీద ఎర్రగ ఊరింది. స్వరూప పంటి బిగువున ముందుకొచ్చి జూలు ముడి గుంజింది. అది కుట్టిన చెయ్యికి ముడి యాడుందో ఎరుకే గదా. జూలంత జారి కాళ్ళల్ల పడ్డది.

తొడల మీద వాతలు. పాతయి నల్లగ, కొత్తయి పచ్చిగ. వాటి మీద ఈగలు.

ఈలలు ఆగిపోయినయి. డప్పు ఇంకా మోగుతనే ఉన్నది. "నిన్ను ఇయ్యాల చంపుత!" అని ప్రేమ్‌రాజ్ కళ్ళెం ఇడిసి, రెండు చేతులతోటి కట్టె లేపి చెల్లె నెత్తి మీదికొచ్చిండు. గుర్రం గిర్రున తిరిగింది. వెనక కాళ్ళు రెండూ ఒక్కసారి లేచినయి. వాని మోకాలు ఇరిగిన చప్పుడు డప్పు మీదికెల్లి వినబడ్డది. కింద పడి వాడు ఏడ్చిన ఏడుపు పసిపిల్లల ఏడుపు.

ఇగ జనానికి దొరికిండు. చెప్పులతోటి, పిడికిళ్ళతోటి మీద పడ్డరు. సాలెం చావుష్ చేతికర్ర అడ్డంపెట్టి అరిచిండు. "ఇడువున్రి! ఇప్పటిదాక చప్పట్లు కొట్టింది మీరే గదరా!" ఒక్కొక్కడు చెయ్యి దించిండు. ప్రేమ్‌రాజ్‌ను ఆటోల ఏసి దవాఖానకు పంపిన్రు. పశువుల డాక్టరమ్మ ఒకామె వచ్చి ముళ్ళ కళ్ళెం కోసి తీసింది. దాని ముళ్ళకు నాలుక తోలు అంటుకొని వచ్చింది.

స్వరూప కొంగుతోటి మొఖం తుడుచుకున్నది. ఆమె మనసుల ఒక్కటే మాట. అయిపోయింది. ఇగ నువ్వూ నేనే సితారా, కట్టె లేదు, డప్పు లేదు.

సాలెం చావుష్ విప్పిన సెహ్రాను తిరగేసి చూస్తున్నడు. లోపల మెత్తలను వేలితోటి ఒత్తిండు. గుర్రం నోటి మూలకు పెట్టి చూసిండు. పుండు ఎంతుంటే మెత్త అంతనే ఉన్నది. గజ్జెల పట్టీ కాలికి పెట్టి చూసిండు. అంతనే.

"ఇది ఎవరు కుట్టిన్రమ్మా?"

"నేనే" అన్నది. చెప్పేటప్పుడు కొంచెం గర్వమే ఉండె ఆమె గొంతుల. "దానికి నొయ్యొద్దని."

"కొలత తీసి కుట్టినవ్."

ఆమె వాతల మీది ఈగలను కొంగుతోటి తోలింది.

"ఎన్ని దినాల సంది?"

"మూడు నెలలు."

ముసలాయన ఆమె పగిలిన పెదవి చూసిండు, వాచిన మణికట్టు చూసిండు. కోపం చెయ్యలే. "కొట్టింది వాడే బిడ్డా. గాని ఈ మూడు నెలలు ఎవ్వరికి కనపడకుండ చేసింది నువ్వు. వాడు దవాఖాన నుంచి మళ్ళ అదే ఇంటికొస్తడు, నువ్వూ ఆడనే ఉంటవు. గుర్రం ఆ ఇంటికి పోదు, డాక్టరమ్మ తోటి పోతది." డాక్టరమ్మకు తలూపిండు. సెహ్రా తెచ్చి స్వరూప చేతుల పెట్టిండు.

"చాచా, అది నా చేతులల్ల పెరిగిందే..." అన్నది. ఇంకేమని అంటది? ముసలాయన మాట అబద్ధమైతే కొట్లాడుతుండె.

సితార మెడల ఉత్త తాడు ఏసి బండి దిక్కు నడిపిచ్చుకొస్తున్నరు. కుంటుతున్నది. బండి ఎక్కాలంటే అది స్వరూప ముందటికెల్లే పోవాలె, ఇంకో తొవ్వ లేదు. దగ్గరికి రాంగనే దానికి ఆమె చేతుల సెహ్రా కనపడ్డది. ఆగింది. చీలిన నోటితోటి, అలవాటు చొప్పున, ఆమె ముందర తల వంచింది. కట్టుమని.

స్వరూప సెహ్రాను ఎనక దాచుకున్నది. "వద్దే, వద్దే తల్లీ, ఎత్తు" అని బొటబొట ఏడ్చింది. అది ఎత్తలే. డాక్టరమ్మ తాడు పట్టి గుంజేదాక అట్లనే వంచుకొని నిలబడ్డది.