మోటరు ఆగినంకనే

నారపల్లి అవతల క్రషర్ నోట్లో బండ ఇరుక్కుంది. మోటరు ఆగలేదు. ఇనుప దవడలు బండను నమలలేక కీచుమంటున్నాయి. ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. కంకర కోసం టిప్పర్లు గేటు దాకా బారు కట్టాయి.

"సారూ, జర మోటరు బందువెట్టమనున్రి. ఎక్కి తీస్త" అన్నాడు కూలీ దుర్గేష్.

"ఆపితే మళ్లీ ఎప్పటికి అందుకుంటుందో! కదిపి దిగవయ్యా, అంతే" అని కసిరాడు సూపర్‌వైజర్ రామ్మోహనరావు.

దుర్గేష్ గడ్డపార పట్టుకుని ఎక్కాడు. కింద తట్టతో నిలబడ్డ అతని వదినె సారలమ్మ చూస్తూనే ఉంది. గడ్డపార బండ కిందికి పోయింది. బండ ఒక్కసారిగా దొర్లింది. దవడలు గడ్డపారను పట్టి విసిరికొట్టాయి. అది రొమ్ముకు తగిలి దుర్గేష్ వెల్లకిలా కింద పడ్డాడు. దవాఖానా చేరకముందే వదినె ఒళ్లోనే పాణం పోయింది.

పాలమూరు నుంచి బతకనీకి వచ్చిన పిల్లగాడు. శవాన్ని మట్టి చేసి వచ్చేసరికి ఆఫీసు నుంచి మాట పుట్టింది: తాగి ఎక్కిండట. నెత్తురు పడ్డ చోట దుమ్ము పోసి క్రషర్ మళ్లీ నడిపారు.

ఆదివారం నాచారంలో సారలమ్మ అద్దెగది ముందు కూలీలంతా కూడారు.

"మనం మోటరు ఆపితే గేటు బయటికి నూకుతరు" అన్నాడు మోటరు కాడ ఉండే రాజయ్య. అని, తల వంచుకున్నాడు. "బటన్ నా చేతి కిందనే ఉండె. సారు మాట ఇన్న, దుర్గేష్ మాట ఇనకపోతి."

"నువ్వొక్కనివే కాదు మామా, అందరం సూసుకుంట నిలవడ్డం" అంది సారలమ్మ. "తెలంగాణ బందు అన్ననాడు క్రషర్ సేటు తనే మోటరు ఆపించిండు, టిప్పర్ల అద్దాలు పగుల్తయని. మనిషి సస్తడంటే ఆపడా?"

"ఆపడు" అంది మూలన కూర్చున్న సుబ్బులు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మనిషి. "ఒక్కరు ఆపితే ఆ ఒక్కరినే తీసేస్తారమ్మా. ఆపితే అందరం ఆపాలి."

వాదులాడుకున్నారు, తిట్టుకున్నారు. చివరికి ఒక్క మాట మీదికి వచ్చారు. బండ ఇరికితే మోటరు ఆపాలె. ఫ్యూజులు పీకి, ఎక్కే మనిషి చేతికే ఇయ్యాలె. పెద్ద చక్రం పూర్తిగా ఆగినంకనే ఎక్కాలె. దిగేదాకా మిగిలినోళ్లు స్విచ్చు కాడ కావలి ఉండాలె.

ఆ వారమే మళ్లీ బండ ఇరికింది. రాజయ్య ఆఫీసు వైపు ఒకసారి చూశాడు. అయినా ఎర్ర బటన్ నొక్కాడు. క్వారీ అంతా ఉలిక్కిపడ్డట్టు నిశ్శబ్దమైంది. ఫ్యూజులు పీకి సారలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె కొంగున ముడేసుకుంది.

రామ్మోహనరావు ఉరికొచ్చాడు. "ఎవరు ఆపమన్నారు?"

"దుర్గేష్ జెప్పిండు సారూ. ఆనాడు మీరు ఇనలే" అంది సారలమ్మ.

ఆయన స్విచ్చు వైపు అడుగేశాడు. తట్టలు పట్టుకున్న ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఆయన పక్కకు పోయి ఫోన్ తీశాడు.

చక్రం ఆగినంక సారలమ్మ ఎక్కింది. బండకు గొలుసు చుట్టింది. మగవాళ్లు కప్పీ మీదుగా పైకి లాగుతుంటే గొలుసు కిర్రుమంది. బండ బయటపడింది. ఎవరికీ గీరుకుపోలేదు. ఆమె దిగి ఫ్యూజులు రాజయ్యకిచ్చింది.

అప్పటికే గేట్లోకి పోలీసు జీపు వచ్చింది.

"మిషన్ ఆపి దౌర్జన్యం చేసింది నువ్వేనా?" అన్నాడు ఎస్సై.

"పాణం పోకుండ పని జేసినం. గది దౌర్జన్యమా?"

కానిస్టేబుళ్లు రెక్క పట్టి జీపెక్కించారు. రాజయ్య జీపు ముందు కూర్చున్నాడు, పక్కన సుబ్బులు, ఆ తర్వాత అందరూ. "ఆమె వచ్చినంకనే మోటరు తిరుగుతది!" లాఠీలు లేచాయి. దెబ్బలు తింటూ కూడా వాళ్లు లేవలేదు. ఈడ్చి దారి చేసుకుని జీపు కదిలింది.

పక్క క్వారీ ముందుకు రాగానే సారలమ్మ తల ఎత్తింది. అక్కడ క్రషర్ గర్జిస్తోంది. ఎవరో గడ్డపార పట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు.

"అన్నా, ఎక్కకు! మోటరు బందువెట్టమను!"

కానిస్టేబుల్ ఆమె నోరు నొక్కాడు. జీపు మలుపు తిరిగింది, దుమ్ములో ఏమీ కనబడలేదు. ఆమె చెవులు రిక్కించింది.

వెనక గర్జన తగ్గింది, ఆగింది. "చక్రం ఆగినంకనే ఎక్కు!" అని అక్కడెవరో అరిచారు.

ఎస్సై డ్రైవర్ భుజం తట్టి, తొందరగా పోనియ్యమన్నాడు.