వచ్చే మోడల్ దాకా

నాకు అభిప్రాయాలు ఎక్కువ. చేసే పనేమో ఆఫీసుల్లో జిరాక్స్ మిషన్లు బాగుచెయ్యడం, నోరేమో అంతరిక్షం దాకా. ప్రతి శనివారం ఇంటర్నెట్‌లో నా పేజీలో ఒక ముక్క రాసిపారేస్తాను. ఆ వారం కంప్యూటర్లలో, సైన్సులో ఏం వార్తలొచ్చాయో, వాటి మీద నా తీర్పేమిటో. తీర్పే! అభిప్రాయం అంటే నాకు ఆనదు. మడతపెట్టే ఫోన్ వచ్చిందంటే "మడతలు పెట్టడానికి ఇంట్లో దుప్పట్లు లేవా?" అని రాశాను. క్వాంటం కంప్యూటర్ మీద వరసగా మూడు వారాలు దంచాను. అదెలా పనిచేస్తుందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఐదు నిమిషాల్లో నిండే బ్యాటరీ వచ్చేస్తోందని ఏడాదికి నాలుగుసార్లు రాసేవాణ్ణి, నా ఫోన్ మటుకు మధ్యాహ్నం కాకుండానే చచ్చేది. పేజీ చదివేవాళ్ళు మూడొందల పన్నెండు మంది. అందులో సగం మంది దాన్లోంచి బయటపడే దారి తెలియక ఉండిపోయారని అక్క అనేది.

నిజంగా చదివే మనిషి ఒక్కడే, మా బావ.

బావ డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు కొట్టే ప్రెస్సు మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. నాకు పదేళ్ళప్పుడు అక్కని చేసుకున్నాడు, సైకిల్ నేర్పింది ఆయనే, అందుకే మా మధ్య మీరూ గీరూ లేవు. భోజనాల వేళ నా ముక్క తీసి తోటివాళ్ళకి చదివి వినిపించేవాడు, "మా సైంటిస్టు రాశాడు" అంటూ. మొదట్లో ఆ పేరు వెటకారానికే పెట్టాడు. రానురాను నిజంగానే అనడం మొదలుపెట్టాడు. నేనూ కాదనలేదు, ఎవడు కాదంటాడు?

అక్క లాండ్రీలో ఇస్త్రీ దగ్గర ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే మొదలుపెట్టేది. ఎవరి చొక్కా జేబులో ఎవరి ఉత్తరం దొరికింది, మేనేజరు ఎలా నడిచాడు, కొత్తగా చేరినామె ఎన్ని కాలర్లు మాడ్చింది, అన్నీ. బావ తలొంచుకుని తింటూ తింటూ సరిగ్గా సమయం చూసి ఒక్క మాట వేసేవాడు. అంతే, అక్క కడుపు పట్టుకుని నవ్వేది. ఆదివారాలు నేను వాళ్ళింటికి వెళ్ళేది తిండికని అందరూ అనుకునేవారు. ఆ కబుర్ల కోసం వెళ్ళేవాణ్ణి.

రెండేళ్ళ నాలుగు నెలల కిందట, మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే బావ జేబులోంచి ఒక చీటీ తీశాడు.

"ప్రెస్సు చప్పుడుకి వినికిడి తగ్గిందట, డాక్టరు రెండు చెవులకీ మిషన్లు పెట్టించుకోమన్నాడురా. ఆలస్యం చెయ్యొద్దన్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళే ఇప్పిస్తారట. నువ్వేమంటావు?"

నువ్వేమంటావు అని నన్నడగకూడదు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పొంగిపోతుంది. తెలియదు అనే మాట అప్పుడు నా నోట్లోంచి చచ్చినా రాదు.

"ఇప్పుడా? పిచ్చా బావా నీకు?" అన్నాను. "ఇప్పుడున్నవన్నీ పాత సరుకు. చప్పుడంతా కలిపి పెద్దది చేసి చెవిలో పోస్తాయి, అంతే. మొన్ననే చదివాను, మనిషి గొంతొక్కటే ఏరి వినిపించే చిప్పు వస్తోంది. ఎనిమిది నెలలు, మహా అయితే ఏడాది. వచ్చే మోడల్ దాకా ఆగు."

"డాక్టరు మరి..."

"డాక్టర్లు అలాగే అంటారు. వాళ్ళ దగ్గరున్న సరుకు కదలాలి కదా!"

నేను చదివింది ఆ వార్త శీర్షిక, దాని కింద ఒకటిన్నర పేరా. మిగతాది కూడా చదివి ఉంటే ఆ చిప్పు ఇంకా ప్రయోగశాల బల్ల మీదే ఉందని, దాన్ని నడపాలంటే పక్కన బీరువా అంత పెట్టె ఉండాలని తెలిసేది. తర్వాత చదివాను. చాలా తర్వాత.

మా బాపతు వాళ్ళందరికీ ఉన్న తెగులే ఇది. ఫోన్ కొంటానంటే ఆగు, టీవీ కొంటానంటే ఆగు, ల్యాప్‌టాప్ కొంటానంటే అసలే ఆగు. ఇవాళ కొన్నవాడు మా దృష్టిలో వెర్రివాడు. ఫోన్ విషయంలో ఆ సలహా విన్నవాడికి వచ్చే నష్టమేమీ లేదు, పాతదే ఇంకో ఆరు నెలలు గీకుతాడు. చెవికి ఆగడం కుదరదేమో, ఒకసారి కనుక్కుందామన్న బుద్ధి నాకు పుట్టలేదు.

"సరే, ఆగుతాలే," అన్నాడు బావ. "మీ అక్కకి మాత్రం చెప్పకు. నీ మాట విని ఆగానని తెలిస్తే ఇద్దర్నీ ఉతికి ఆరేస్తుంది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ శనివారం ఆ సంగతే నా పేజీలో ముక్కగా రాశాను. బావ దానికి కూడా మెచ్చుకోలు బొమ్మ పెట్టాడు.

ఎనిమిది నెలలయ్యాక "వచ్చిందా?" అని అడిగాడు. వస్తోందన్నాను, ఇంకో వార్త చూపించాను. మళ్ళీ ఆరు నెలలకి అడిగాడు. అప్పటికి వేరే చిప్పు గురించి చదివి ఉన్నాను, ముందుదానికంటే ఇది నయమన్నాను. మూడోసారి అడిగినప్పుడు నేను గట్టిగా అరిచి చెప్పాల్సొచ్చింది. అయినా నాకు బుద్ధి రాలేదు.

ఒక ఆదివారం వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నారు. కంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. అక్క వేలితో గిన్నె చూపించింది, బావ వద్దని చెయ్యూపాడు. నాకు భయమేసింది.

"ఏంటక్కా, నోరు పడిపోయిందా నీకు?" అన్నాను.

"ప్రతి మాటా మూడుసార్లు అరవాలిరా," అంది. "అరిచి చెప్పేంత గొప్ప సంగతులు నా దగ్గరేమున్నాయి? కాలర్ మాడిందని అరవనా?"

తర్వాత ఒకరోజు ఫ్యాక్టరీలో సరుకు బండి వెనకనుంచి హారన్ కొడుతూ వచ్చింది. బావ కదల్లేదు. బండివాడు ఆఖరి నిమిషంలో తిప్పాడు కాబట్టి సరిపోయింది. మిషన్లు పెట్టుకుంటే తప్ప లోపలికి రానివ్వనని సూపర్‌వైజరు ఇంటికి పంపేశాడు.

మిషన్లు అమర్చే చోటికి ముగ్గురం వెళ్ళాం. చిన్న గది, గోడలకి మెత్తటి పలకలు. వినికిడి పరీక్ష చేసే అమ్మాయి రెండు చెవులకీ మిషన్లు తగిలించి, నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుని ఇరవై మాటలు చెప్పింది. ఒక్కో మాట విని అదే తిరిగి చెప్పాలి. బావకి ఐదు వచ్చాయి.

"వినపడుతోందాండీ?" అని అట్ట తీసి అడిగింది.

"బ్రహ్మాండంగా వినపడుతోందమ్మా," అన్నాడు బావ ఆమె పెదవులు చూస్తూ. "ఏమంటున్నావో తెలియట్లేదు."

నేను నవ్వబోయాను. ఆ అమ్మాయి నవ్వలేదు. చీటీ మీద తేదీ చూసింది. చాలాకాలం మాటలు సరిగ్గా చేరకపోతే మెదడుకి వాటిని విడదీసే అలవాటు తప్పుతుందని, మిషన్ చప్పుడు పెంచగలదే గాని ఆ అలవాటుని తేలేదని అక్కకి నెమ్మదిగా చెప్పింది. "చీటీ రాసినప్పుడే వచ్చి ఉంటే చాలావరకు నిలబడేదండీ. ఇప్పుడు సాధన చేస్తే కొంత వస్తుంది. మునుపటిలా మాత్రం రాదు. ఎందుకు ఆగిపోయారు?"

అక్క ఆ ప్రశ్న కాగితం మీద రాసి బావకిచ్చింది. బావ చదివాడు. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు.

"సెలవు దొరకలేదమ్మా," అన్నాడు.

అప్పుడు నేను నోరు విప్పి ఉండాల్సింది. మూడొందల పన్నెండు మందికి ప్రతి వారం తీర్పులు చెప్పే నోరు! గోడ మీద చెవి బొమ్మ ఒకటి ఉంటే దాన్నే చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేని వెధవని.

సాధన అంటే, రోజూ సాయంత్రం అరగంట ఎవరైనా పైకి చదవాలి. ఆయన కాగితం మీద వేలు పెట్టి చూస్తూ వినాలి. తర్వాత కాగితం మూసి, నోరు కనపడకుండా చదివితే అదే మళ్ళీ వినాలి. తెలిసిన గొంతు, ఇష్టమైన విషయం అయితే త్వరగా పట్టుబడుతుందంది ఆ అమ్మాయి.

"మా సైంటిస్టు రాసినవి చదవండి," అన్నాడు బావ వెంటనే.

మర్నాడు నేను బాగుచేసిన మిషన్ మీదే నా ముక్కలన్నీ రెండేసి కాపీలు తీశాను. రెండొందల పద్దెనిమిది శనివారాలు. వేడివేడిగా బయటికొస్తున్న కాగితాల్లో ఒకటి చూసి చెయ్యి ఆగింది. చెవుల ముక్క. రెండు కాపీలూ పక్కకి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, మిగతా కట్ట అక్కకి ఇచ్చాను.

పదకొండు రోజులు ఆ మడత నాతోనే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చేవాణ్ణి. చించెయ్యడానికి చేతులు రాలేదు, ఇవ్వడానికీ రాలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఎనిమిది గంటలు నిలబడి ఇస్త్రీ చేసొచ్చిన మనిషి, నా బ్యాటరీల సోది, నా మడత ఫోన్ల సోది పదాలు విడదీసి చదువుతుంటే నాకు ఒళ్ళంతా చీదరపుట్టేది. ఇంత చెత్త రాశానా అనిపించేది. బావ మాత్రం వేలు జరుపుకుంటూ బడిపిల్లాడిలా వినేవాడు.

పన్నెండో రోజు అక్క గొంతు బొంగురుపోయింది. కట్ట బల్ల మీద పడేసింది.

"నావల్ల కాదు. రెండేళ్ళు చెప్పాను ఈ మొండి ఘటానికి, వెళ్ళు వెళ్ళు అని. సెలవట, సెలవు! నా మాట ఒక్కటైనా విన్నాడా? ఇప్పుడు విందామన్నా లేదు. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అని వదిలెయ్యాలి ఈయన్ని!"

బావ ఆమె మొహం చూసి తిడుతోందని తెలుసుకుని, తప్పు చేసినవాడిలా నవ్వాడు. తిట్లు తినాల్సినవాణ్ణి నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇక నావల్ల కాలేదు.

"ఇవాళ నేను చదువుతానక్కా," అన్నాను. జేబులోంచి మడత తీసి ఒక కాపీ బావ ముందు పరిచాను.

"ఏంటది, కొత్తదా?" అంది అక్క.

"పాతదే. కట్టలో పెట్టలేదు."

చదివాను. "ఈ వారం చెవుల సంగతి. దగ్గరి బంధువు ఒకాయన వినికిడి మిషన్లు పెట్టించుకుంటానన్నాడు. ఆగు, అన్నాను. ఆయన డాక్టరు మాట కాదని నా మాట విన్నాడు. తెలివైనవాడు. ఇప్పుడు కొనేవాడు వెర్రివాడు."

బావ వేలు మొదటి వరస మీదే ఆగిపోయింది. కాగితం లాక్కోబోయాడు. అక్క అంతకంటే ముందే లాక్కుంది. తేదీ చూసింది. కిందికి చూసింది. మళ్ళీ తేదీ చూసింది.

"వదిలెయ్యవే," అన్నాడు బావ, వినపడనివాళ్ళు అనేంత గట్టిగా. "వాడు నా మంచికే చెప్పాడు."

అక్క అరవలేదు. అరిచినా బాగుండేది.

"రోజూ తిట్టానురా ఈయన్ని," అంది. "రెండేళ్ళు. వినపడనట్టు కూర్చునేవాడు. వినపడట్లేదనే అనుకున్నాను."

"తప్పంతా నాది అక్కా. ఆ రోజు గదిలోనే చెప్పాల్సింది. పిరికివాణ్ణి, చెప్పలేకపోయాను. నన్ను తిట్టు, చెప్పు తీసుకుని కొట్టు..."

"నిన్ను కొడితే ఈయనకి వినపడుతుందా?"

అక్క కళ్ళు తుడుచుకుని, బావ ముందున్న బల్ల ఖాళీ చేసి, చేతిలో కాగితం బోర్లా పెట్టింది.

"చదువు," అంది. "ఇదే. మొదట్నుంచి. నోటికి అడ్డం పెట్టుకుని నెమ్మదిగా చదువు. ఈయనకి తెలిసేదాకా చదువు."

నా కాపీ మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను. బావ తల అడ్డంగా ఊపాడు. రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. నా గొంతు నాకే వినబుద్ధి కావడం లేదు. నాలుగోసారి మొదటి రెండు వాక్యాలూ దాటి మూడోదానికి వచ్చానో లేదో, బల్ల మీద చెయ్యి చరిచిన చప్పుడైంది.

"ఆగు!" అన్నాడు బావ. "ఆగు అన్నావు! అవునా? చూడకుండానే తెలిసిందిరా సైంటిస్టూ!" కాగితం పక్కనుంచి చూశాను. మొహం వెలిగిపోతోంది. అక్క భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. "మాట తెలిసిందే, మాట! నువ్వలా చూస్తావేంటి? ఒరేయ్, తర్వాతది చదువు, తర్వాతది!"

తర్వాతి వాక్యం, ఆయన డాక్టరు మాట కాదని నా మాట విన్నాడని. కాగితం మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను.